అటక మీది కాఫీ మర



మీరిప్పుడు విన్న గరగర చప్పుడు నా ముందు బల్లకు బిగించి ఉన్న కాఫీ మరది. పిడి పట్టుకుని రెండు చుట్లు తిప్పాను. ఇంకా గింజలు వెయ్యలేదు. ఒట్టి మర తిరిగితే వచ్చే చప్పుడది. మూడు నెలల కిందటి వరకూ ఈ పిడి వెంట్రుకవాసి కూడా కదిలేది కాదు.

మర మా అమ్మమ్మది. రామచంద్రపురం దగ్గర పల్లెలో ఆవిడ కాపురమున్న పెంకుటిల్లు కిందటేడు నేయించాల్సి వచ్చింది. పెంకులు దించే ముందు అటక ఖాళీ చెయ్యాలి కదా. ఇత్తడి గంగాళం, ఊరగాయ జాడీలు, ఉయ్యాలబల్ల గొలుసులు ఒక్కొక్కటే దిగాయి. వాటి వెనక గోనెసంచిలో చుట్టిన బరువైనదేదో ఉంది. విప్పితే ఇది. గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎంతో మీకు తెలియనిది కాదు. అన్నేళ్ళూ ఆ గాలి పీల్చి, మర మొత్తం ఎర్రమట్టి ముద్దలా తయారైంది.

"పాత ఇనుముకి వేసెయ్యండమ్మా, ఎంతో కొంత వస్తుంది" అన్నాడు పెంకులు దించుతున్న మేస్త్రి. అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. చూసినవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. నా కళ్ళు మాత్రం పిడి చివరనున్న చెక్క గుబ్బ మీద ఆగిపోయాయి. చేతులు పడీ పడీ అది ఒక పక్క అరిగి నున్నగా మెరుస్తోంది. ఇనుమంతా తుప్పు తిన్నా ఆ చెక్క చెక్కుచెదరలేదు. అరిగిన ఆ పక్కన బొటనవేలు పెట్టి చూశాను. సరిగ్గా కూర్చుంది. ఇక దాన్ని అమ్మెయ్యడానికి మనసొప్పలేదు.

అసలు ఇది బల్ల అంచుకు బిగించుకోవడానికి చేసిన మర. అప్పట్లో మా ఇళ్ళల్లో బల్లలెక్కడివి? తాతయ్య దీన్ని టేకు పీటకు బిగించారు. కత్తిపీట మీద కూర్చున్నట్టే ఒక మోకాలు పీట మీద వేసి, ఎడమచేత్తో పైగిన్నె పట్టుకుని, కుడిచేత్తో తిప్పేవాళ్ళు. కిందికి రాలే పొడికి కంచుగిన్నె పెట్టేవాళ్ళు. పచ్చి గింజలు తెచ్చి వారానికి రెండుసార్లు ఇనపమూకుట్లో వేయించడం అమ్మమ్మ పని. సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పాలి. ముందు పచ్చివాసన, తరవాత వేరుశెనగలు వేయించినట్టు ఒక కమ్మదనం, ఆ తరవాత గింజ చిటపటలాడుతూ పొట్టు వదులుతుంది. సరైన రంగు రాగానే చేటలో పోసి, చెరిగి, ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలోకెత్తేవారు. అందులోంచి ఏ పూటకు కావలసినవి ఆ పూట మరలో వెయ్యడమే. ఎందుకలాగంటే, వేగిన గింజ తన పరిమళాన్ని లోపల బిగించి ఉంచుకుంటుంది. పొడి చేశామా, ఒక గింజ వేల తునకలవుతుంది, ప్రతి తునకకూ గాలి తగులుతుంది, వాసన ఎగిరిపోవడం మొదలవుతుంది. వీధి గుమ్మంలోకి కాఫీ వాసన గుప్పుమని వస్తోందంటే ఆ మేరకు గ్లాసులోకి రావలసింది తగ్గిందన్నమాటే.

మర లోపల ఏముంటుందో చెప్పాలంటే నాకు తిరగలి కన్నా మంచి పోలిక దొరకలేదు. తిరగలిని పక్కకు తిప్పి నిలబెట్టామనుకోండి, అదే కాఫీ మర. రెండు రాళ్ళ బదులు రెండు ఇనప చక్రాలు. ఒకటి మర ఒంటికి అతుక్కుని కదలకుండా ఉంటుంది. రెండోది ఇరుసుతో పాటు తిరుగుతుంది. పైగిన్నెలోంచి జారిన గింజల్ని మెలికలు తిరిగిన ఇరుసు ఆ చక్రాల నడుమకు నెడుతుంది. నడిమి భాగంలో పళ్ళు పెద్దవి, ఎడమెడంగా ఉంటాయి. గింజ అక్కడ పగులుతుంది. అంచు వైపు వచ్చేకొద్దీ పళ్ళు సన్నబడి దగ్గరవుతాయి. అక్కడ పొడి అవుతుంది. చక్రాల మధ్య ఎంత సందుంటే అంత పొడి. అమ్మమ్మ తిరగల్లో పప్పు విసిరేటప్పుడు నడిమి మేకుకు గుడ్డపీలిక చుట్టి పైరాయిని కొంచెం ఎత్తుగా నిలిపేది. పిండి కావాలంటే పీలిక తీసేసేది. మరలో గుడ్డపీలిక చేసే పని, ముందువైపున్న రెక్కల స్క్రూ చేస్తుంది. బిగిస్తే చక్రాలు దగ్గరవుతాయి, వదులు చేస్తే దూరమవుతాయి.

మిక్సీ చేసే పని వేరు. అందులో బ్లేడు గింజను ఎక్కడ తగిలితే అక్కడ నరుకుతుంది. అడుగున పిండి, పైన నూక, మధ్యలో సగం గింజలు ఉంటాయి. ఎక్కువసేపు తిప్పితే పొడి వేడెక్కుతుంది. ఫిల్టరులో వేసినప్పుడు పిండిలోంచి చేదు, నూకలోంచి పులుపు దిగుతాయి. రెండూ ఒకే గ్లాసులోకి వస్తాయి.

మా మర మీద పోతపోసిన అక్షరాల్లో ఇంగ్లాండు పేరు ఇప్పటికీ చదవచ్చు. బల్లలకు బిగించుకునే ఇలాంటి పోత ఇనుము మరలకు ఆ దేశంలో స్పాంగ్ కంపెనీ పేరుపడింది. అది 1856లో మొదలైంది. జర్మనీలో 1867లో మొదలైన జాసెన్‌హౌస్ వాళ్ళు, కింద సొరుగున్న చెక్కపెట్టె మరలు చేశారు. అందరికన్నా నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఫ్రాన్సులోని పెజో కుటుంబం. ఇవాళ కార్లకు పేరుపడిన పెజో వాళ్ళే. ఆ కుటుంబానికొక పిండిమర ఉండేది. 1810లో దాన్ని ఉక్కు కార్ఖానాగా మార్చి రంపాలు చెయ్యసాగారు. 1840లో కాఫీ మర చేశారు, 1874లో మిరియాల మర. కారు ఆ తరవాతెప్పటిదో. కార్ల మీద కనిపించే సింహం కూడా మొదట రంపాల మీదిదే. సింహం పళ్ళంత గట్టివి మా రంపం పళ్ళు అని చెప్పుకోవడానికి పెట్టుకున్న గుర్తు అది. 1858లో రిజిస్టరు చేయించారు. రంపం పళ్ళకు నీరు పెట్టడం తెలిసినవాళ్ళు కాబట్టే కాఫీ మరలు చెయ్యగలిగారని నా నమ్మకం. మరకు ప్రాణం ఆ పళ్ళలోనే ఉంది.

ఈ సంగతి తెలియకముందే ఒక తప్పు జరిగిపోయింది. తుప్పు చూసి భయపడి మరను ముందుగా ఒక వెల్డింగు షెడ్డుకు పట్టుకెళ్ళాను. "పది నిమిషాల్లో తళతళలాడించేస్తాం" అన్నారు. చక్రాన్ని పట్టుకుని దాని అంచుకు గ్రైండరు పెట్టారు. నిప్పురవ్వలు చూసి "ఆపండి ఆపండి" అని అరిచాను. అప్పటికే మూడు పళ్ళ మొనలు పోయాయి. ఇప్పటికీ ఆ చోటు వేలికి నున్నగా తగులుతుంది. వాళ్ళు మంచి పనివాళ్ళే, కాని అది పొడి చెయ్యవలసిన వస్తువని వాళ్ళకు నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఇంటికి తెచ్చేసుకున్నాను. మిగతా పని పెరట్లో అరుగు మీద నేనే చేశాను.

పట్టేసిన స్క్రూలను మొరటుగా తిప్పితే తల మీద గాడి చెడిపోతుంది. అది చెడితే ఇక ఊడదు. అందుకని ముందు గాడిలోని తుప్పును గుండుసూదితో గీకాను. కిరసనాయిలులో ముంచిన గుడ్డ చుట్టి రెండు రాత్రులు వదిలేశాను. కిరసనాయిలు పల్చన కాబట్టి స్క్రూ మెలికల సందుల్లోకి పాకుతుంది. మూడోరోజు స్క్రూడ్రైవర్ పెట్టి వదులు చేసే వైపు కాదు, ముందు బిగించే వైపు ఒక్క పిసరు తిప్పాను. టిక్కుమని తుప్పు పట్టు విడిపోయింది. అప్పుడు వెనక్కి తిప్పితే వచ్చేసింది. పిడి నట్టు ఒక్కటే మొండికేసింది. కిరసనాయిలంతా కడిగేసి, దాని మీద మరిగే నీళ్ళు ధారగా పోస్తే వేడికి కాస్త సాగి పానాకు లొంగింది. ఊడిన ప్రతి భాగాన్నీ వరసలో వార్తాపత్రిక మీద పేర్చి, ఏది ఏ వైపు ఉండేదో సెల్‌ఫోనుతో ఫొటో తీశాను. చక్రాలకు ముందూ వెనకా ఉంటుంది. తిరగేసి బిగిస్తే గింజ నలగదు.

తుప్పు వదిలించడానికి వాడింది వంటింటి వెనిగరే. చక్రాలు, ఇరుసు, స్క్రూలు గాజుపాత్రలో వేసి మునిగేదాకా పోశాను. గంటలో సన్నని బుడగలు లేచాయి. ఆరేడు గంటలకు వెనిగరు టీ రంగుకు తిరిగింది. తీసి పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే తుప్పు నల్లని బురదలా ఊడివచ్చింది. మళ్ళీ వేశాను, మళ్ళీ రుద్దాను. కనిపెట్టుకుని ఉండాల్సిన పని ఇది. తుప్పంతా పోయాక పులుపు ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. ఒక చిన్న స్క్రూ అడుగున ఉండిపోయి రెండు రోజులు చూడలేదు. తీసేసరికి నల్లబడి, ఒంటినిండా గుంటలు పడింది. దానికి బదులు కొత్తది కొనాల్సి వచ్చింది. వెనిగరులోంచి తీశాక వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి, వెంటనే వేడినీళ్ళు పోసి తుడవాలి. చల్లటి నీళ్ళతో కడిగి తీరిగ్గా తుడుద్దామనుకుంటే, గుడ్డ తెచ్చేలోగా పసుపూ ఎరుపూ కలిసిన పొర మళ్ళీ వచ్చేస్తుంది. అప్పుడే శుభ్రమైన ఇనుము మీదకు తుప్పు అంత తొందరగా ఎక్కుతుంది.

మర ఒంటిని మాత్రం వెనిగరులో ముంచలేదు. దాని మీద ముదురాకుపచ్చ రంగు అక్కడక్కడా మిగిలి ఉంది. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశముంది. ఇది ఇంట్లో పిల్లలున్నవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పొడి గరుకు కాగితంతో రుద్దితే ఆ రంగు ధూళి గాలిలోకి లేస్తుంది. నేను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను అవతల పడేశాను. పెచ్చులూడే రంగు కాఫీ తగిలే చోట ఉంటే ఆ మరను అలమరలో అలంకారానికి ఉంచుకోవడమే మంచిది, వాడకూడదు. మా మరలో గింజ తగిలే చోట్లన్నీ ఒట్టి ఇనుమే కాబట్టి ధైర్యం చేశాను.

నూనె విషయంలో మా పక్కింటివారు కొబ్బరినూనె రాయమన్నారు. రాయలేదు. వంటనూనెలు కొన్నాళ్ళకు ముక్కిపోయి వాసన వేస్తాయి. ఆ వాసన నేరుగా కాఫీలోకి దిగుతుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ దొరుకుతుంది, అది ముక్కిపోదు. ఇరుసు ఆనే చోట రెండు చుక్కలు చాలు. చెక్క గుబ్బకు అవిసెనూనె పల్చగా పట్టించాను. అవిసెనూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యకండి, ఆరేటప్పుడు తనంతట తనే వేడెక్కి అంటుకోగలదు. విప్పి దండెం మీద ఆరెయ్యండి.

అన్నీ బిగించాను. తిరిగింది. సంతోషం ఎంతసేపో నిలవలేదు. పిడి సగం చుట్టు తేలిగ్గా, సగం చుట్టు బరువుగా తిరుగుతోంది. గింజలేసి చూస్తే కాస్త పిండి, కాస్త నూక వస్తోంది. చక్రాలు విప్పి మళ్ళీ బిగించాను, ఫొటోలు చూసుకున్నాను. అంతా ఉన్నట్టే ఉంది. చివరికి మా పిన్నికి ఫోను చేశాను. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు, హైదరాబాదులో కొడుకు దగ్గరుంటుంది. చిన్నప్పుడు ఆ మర తిప్పింది ఎక్కువగా ఆవిడే.

"పిన్నీ, అమ్మమ్మ కాఫీ మర బిగించాను. తిరుగుతోంది గాని మధ్యమధ్య పట్టేస్తోంది."

"గోళీ వేశావుటే?" అంది వెంటనే.

"గోళీ ఏమిటి?"

"ముందు స్క్రూకీ ఇరుసుకీ మధ్య చిన్న ఇనపగోళీ ఉండాలే. మర కడిగినప్పుడల్లా జారి తూములోకి పోయేది. నేనే పోగొట్టానని అమ్మ కేకలేసేది. మీ మావయ్య సైకిలు షాపుకి పరిగెత్తి ఇంకోటి తెచ్చేవాడు."

ఫోను పెట్టేసి ఇరుసు చివర చూశాను. అక్కడ చిన్న గుంట ఉంది. తుప్పు తినేసిన గుంట అనుకుని, రుద్ది చదును చెయ్యాలని కూడా అనుకున్న గుంట అది. అది గోళీ కూర్చునే గూడు! మా వీధి చివరి సైకిలు షాపుకు వెళ్ళి, వెనకచక్రం ఇరుసులో వేసే పావంగుళం గోళీ అడిగాను. గ్రీజు డబ్బాలోంచి వేలితో ఒకటి తీసి ఇచ్చాడు. గ్రీజంతా కడిగి గూట్లో పెడితే ఎక్కడా సందు లేకుండా ఇమిడిపోయింది. గింజలు నలిగేటప్పుడు తిరిగే చక్రాన్ని అవి ముందుకు తోస్తాయి. ఆ తోపునంతా ఆపేది ఈ గోళీయే. స్క్రూ మొన నేరుగా ఇరుసును ఒత్తితే ఒకచోట పడుతుంది, ఒకచోట జారుతుంది. చక్రం ఊగుతుంది, సందు మారిపోతుంది. గోళీ ఒక్క బిందువు మీదే ఆనుతుంది కాబట్టి చుట్టంతా ఒకటే సందు, ఒకటే బరువు.

మీరెవరైనా పాత మరను బాగు చెయ్యాలనుకుంటే, విప్పకముందే దాన్ని వాడిన మనిషినొకరిని వెతకండి. ఇనుము మీద అన్నీ కనబడవు. పిన్నికి ఫోను చెయ్యడం మూడోవారంలో కాదు, మొదటిరోజే చెయ్యాల్సింది. ఆవిడ ఆ గోళీ సంగతి చెప్పి ఉండకపోతే నేను ఆ గుంటను నిజంగానే చదును చేసేసేదాన్ని.

ఆ తరవాత మిగిలింది సందు కుదర్చడం. ఇది చెవితో చేసే పని. ఖాళీ మరను మెల్లగా తిప్పుతూ రెక్కల స్క్రూను బిగిస్తూ రావాలి. చక్రం చక్రానికి తగలగానే సన్నగా, రాయి మీద కత్తి నూరినట్టు ఒక చప్పుడు వస్తుంది. అక్కడ ఆగి కొంచెం వెనక్కి రావాలి. ఆ చప్పుడు చుట్టంతా సమంగా ఉంటే చక్రాలు ఒకదానికొకటి సూటిగా ఉన్నట్టు. చుట్టుకొకసారే వస్తే ఏదో ఒక పక్క వాలినట్టు, విప్పి మళ్ళీ బిగించుకోవాలి. తగులుతున్న చక్రాలను ఊరికే తిప్పుతూ కూర్చుంటే పళ్ళు మొద్దుబారతాయి. అప్పుడే శుభ్రం చేసిన మరలో బియ్యం వేసి తిప్పమని చాలామంది చెబుతారు. వేగిన కాఫీ గింజ పెళుసు, బియ్యపు గింజ దానికన్నా గట్టిది. పైగా పిండి పళ్ళ సందుల్లో ఉండిపోయి తేమ పీలుస్తుంది. నేను వాసన పోయిన పాత గింజలు ఒక పిడికెడు చొప్పున మూడు వాయిలు తిప్పి పారబోశాను. మొదటి వాయి బూడిదరంగులో వచ్చింది. మూడోదానికి మంచి గోధుమరంగు వచ్చింది.

ఫిల్టరు కాఫీకి సందు కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటిరోజు పొడి మరీ మెత్తనైంది. నీళ్ళు పై గిన్నెలోనే నిలిచిపోయాయి, పావుగంటైనా కింద చుక్క లేదు. మర్నాడు వదులు చేస్తే నూక వచ్చింది. నీళ్ళు అలా పోసీ పొయ్యగానే బొటబొటా కారిపోయి, డికాక్షను పలచని టీలా దిగింది. వేళ్ళ మధ్య నలిపితే బొంబాయిరవ్వ కన్నా సన్నంగా, గోధుమపిండి కన్నా గరుగ్గా తగలాలి. నాలుగోరోజుకు అది కుదిరింది. చుక్క వెంట చుక్క, తేనెలా దిగింది. రెక్కల స్క్రూ అప్పుడు ఏ మూల ఉందో అక్కడ ఒక గీత పెట్టుకున్నాను.

గింజల కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. మా గోదావరి మన్యంలోనే, పాములేరు లోయలో 1898లో కాఫీ మొక్క నాటారు. అక్కణ్ణుంచి అది తూర్పుకనుమల్లో అరకు దాకా పాకింది. గిరిజన రైతులు మిరియాల తీగల పక్కన నీడలో పెంచే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మమ్మ మరలో ఏ కొండల గింజలు నలిగాయో గాని, ఇప్పుడు నలిగేవి మాత్రం మన కొండలవే.

చూడవచ్చినవాళ్ళు చాలామంది రంగు వేయించలేదేమని అడుగుతున్నారు. వెయ్యను. ఊడిన చోట ఊడినట్టే ఉంది, తుప్పెక్కకుండా నూనెగుడ్డతో తుడుస్తున్నాను, అంతే. అరిగిన గుబ్బను మార్చమని ఒకరు కొత్తది చేయించి మరీ తెచ్చారు. ఎంతో అభిమానంతో తెచ్చారు, భద్రంగా దాచాను. కాని మర మీద ఉన్నది పాతదే. పిడి పట్టుకుంటే నా బొటనవేలు ఎక్కడికి వెళ్ళాలో ఆ అరుగుదలే చూపిస్తుంది. గ్రైండరు తినేసిన మూడు పళ్ళు అలాగే ఉన్నాయి. వాటి దగ్గరకొచ్చేసరికి చప్పుడులో ఒక చిన్న తడబాటు ఉంటుంది. నాకది ప్రతిరోజూ వినబడుతుంది.

ఇప్పుడు ఇద్దరికి సరిపడా గింజలు వేస్తున్నాను. మైకును దగ్గరగా జరుపుతాను. ముందు పెద్దపళ్ళ కింద గింజ పగిలే పటపట వినబడుతుంది, తరవాత అది గరగరలోకి దిగుతుంది. పైగిన్నె ఖాళీ కాగానే పిడి చేతిలో ఒక్కసారిగా తేలికవుతుంది, అది మాత్రం మీకు వినిపించలేను. వినండి.